మడి కట్టుకున్న దీపం

సాయంత్రం పని ముగిశాక ఏ మైక్రోబయాలజీ ల్యాబ్‌లోనైనా ఒక చిన్న తంతు జరుగుతుంది. టెక్నీషియన్ అద్దాల క్యాబినెట్‌లోంచి ప్లేట్లు, పిపెట్లు బయటికి తీస్తాడు. స్పిరిట్‌లో తడిపిన దూదితో లోపలి బల్లంతా తుడుస్తాడు. అద్దం కిందికి దించి స్విచ్ వేస్తాడు. లోపల సన్నటి గొట్టమొకటి నీలంగా వెలుగుతుంది. ఆ పదిహేను ఇరవై నిమిషాలు అద్దం ఎత్తకూడదు, చేయి పెట్టకూడదు, దానివైపు తేరిపార చూడకూడదు. కొత్తగా చేరిన కుర్రాడు ఆ నీలిరంగు చూసి అదే క్రిములను చంపుతోందనుకుంటాడు. నిజానికి ఆ నీలం పాదరసం ఆవిరి పనిలో పనిగా వెదజల్లే మామూలు వెలుతురు. అసలు పని చేసే కిరణం కంటికి కనబడదు.

పాత ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు ఇది చూస్తే మడి గుర్తుకు రాక మానదు. నానమ్మ తెల్లారుజామున స్నానం చేసి, ఎత్తుగా కట్టిన దండెం మీది బట్టను కర్రతో తీసి కట్టుకునేది. ఇక వంట దించేదాకా ఎవరూ తగలకూడదు. ఆటలో పరుగెత్తుకొచ్చిన మనవడి చేయి కొంగుకు తగిలిందా, మళ్ళీ చెంబెడు నీళ్ళు, మళ్ళీ స్నానం. ఆ తాకిడికి ఆమె చీర మీద కంటికి కనబడే మరకేమీ పడేది కాదు. అయినా ఏదో పోయినట్టే లెక్క. అక్కడా గీత ఉంది, గడువు ఉంది, కనబడనిదేదో ఉందన్న నమ్మకం ఉంది.

తెలుగులో శుభ్రం, శుచి, మడి అని మూడు మాటలున్నాయి. పొరుగు మాటలే అయినా ఒక ఇంటివి కావు. చాకిరేవు నుంచి ఇస్త్రీ అయి వచ్చిన చొక్కా శుభ్రమైనదే, మడికి మాత్రం పనికిరాదు. పసుపు మరకల పట్టుబట్ట మడికి పనికొస్తుంది, దాన్ని శుభ్రమని ఎవరూ అనరు. ల్యాబ్ వాళ్ళకూ సరిగ్గా ఇదే తేడా తెలుసు. అద్దంలా మెరిసే బల్ల మీద లక్ష బాక్టీరియా ఉండొచ్చు. దుమ్ము కనబడని చోట రోగం ఉండొచ్చు. కంటికి కనబడేదాన్ని నమ్మొద్దని చెప్పడంలో పురోహితుడూ సూక్ష్మజీవశాస్త్రవేత్తా ఒకే గట్టున నిలబడతారు. ఆ గట్టు మీంచి ఇద్దరూ ఎటు నడిచారన్నదే ఇక్కడి ప్రశ్న.

పురాణాల్లో సూర్యుడి సంసారం కథ ఒకటుంది. భార్య సంజ్ఞ ఆయన తేజస్సును భరించలేకపోయింది. తన నీడనే తనలాంటి ఆడదానిగా చేసి, ఛాయ అని పేరుపెట్టి, ఇంట్లో ఉంచి వెళ్ళిపోయింది. సంగతి తెలిశాక మామగారైన విశ్వకర్మ అల్లుణ్ణి సానపట్టి తేజస్సును కొంత చెక్కేశాడు. రాలిన పొట్టుతో విష్ణువుకు చక్రం, శివుడికి త్రిశూలం తయారయ్యాయని చెబుతారు. పురాణాన్ని సైన్సుగా నిరూపించే ఉబలాటం ఈ వ్యాసానికి లేదు. అలాంటి వ్యాసాలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. కానీ పోలికగా ఇంతకన్నా చక్కటిది దొరకదు. సూర్యుడి అతినీలలోహిత కాంతిలో 280 నానోమీటర్ల కంటే పొట్టి అలలున్న భాగాన్ని, అంటే యూవీ-సీని, పైన ఓజోనూ ఆక్సిజనూ కలిసి చెక్కేస్తాయి. అది నేల మీదకు దిగదు. దిగి ఉంటే సంజ్ఞలాగే మనమూ పారిపోవాల్సి వచ్చేది, పారిపోవడానికి చోటుండేది కాదు. అలా రాలిపోయిన ఆ భాగాన్నే మనుషులు పాదరసపు గొట్టంలో మళ్ళీ తయారుచేసుకుని ఆయుధంగా వాడుతున్నారు. చాలా క్రిమిసంహారక దీపాల నుంచి వచ్చే కిరణం పొడవు సుమారు 254 నానోమీటర్లు.

ఈ ఆయుధం ఒక్కరోజులో చేతికి రాలేదు. 1801లో యోహాన్ రిట్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇంద్రధనుస్సులో ఊదారంగుకు అవతల, ఏమీ కనబడని చోట, వెండి లవణం నల్లబడటం చూశాడు. 1877లో ఇంగ్లండులో ఆర్థర్ డౌన్స్, థామస్ బ్లంట్ అనే ఇద్దరు పోషకద్రవం నింపిన పరీక్షనాళికలను కొన్ని ఎండలో, కొన్ని చీకట్లో పెట్టారు. చీకట్లోవి మురిగి మసకబారాయి, ఎండలోవి తేటగా మిగిలాయి. 1903లో నీల్స్ ఫిన్సెన్ చర్మక్షయను కాంతితో నయం చేసినందుకు నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన డెన్మార్క్ పౌరుడు, పుట్టింది ఫారో దీవుల్లో, ఎండ కరువైన చోట. ఎండ విలువ తెలియాలంటే బహుశా అలాంటి చోటే పుట్టాలి. ఆ డెన్మార్క్ నుంచే వచ్చిన ఫ్రిమోట్ మోలర్ అనే వైద్యుడు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రిని నడిపాడు. మందులు రాని ఆ రోజుల్లో అలాంటి ఆసుపత్రులకు గాలి, విశ్రాంతి, తిండి, వెలుతురే ఆధారం.

మన వైపు సూర్యుణ్ణి ఆరోగ్యం అడగడం అంతకంటే ఎంతో పాత అలవాటు. రథసప్తమి నాడు తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తారు. అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు స్వామి పాదాలను తాకే కిరణాలను చూడటానికి జనం బారులు తీరుతారు. వానాకాలం పోగానే పరుపులు, బొంతలు మేడ మీద ఎండకు పడేస్తారు. వీటన్నిటినీ కలిపి మన పెద్దలకు యూవీ సంగతి ముందే తెలుసని చెప్పేయడం చాలా తేలిక, అంతే పొరపాటు కూడా. బొంత మీద పనిచేసేది నేలకు దిగిన కాస్త యూవీ, వేడి, తేమ ఆరిపోవడం, అన్నీ కలిసి, అదీ నెమ్మదిగా. అరసవల్లి కిరణంలో 254 లేదు. పెద్దలకు తెలిసింది వేరు. వెలుతురు తగిలిన ఇంటికీ తగలని ఇంటికీ తేడా ఉంటుందని వాళ్ళకు ఒంటితో తెలుసు. ఆ తెలివిడికి కొత్త కిరీటం పెట్టకపోయినా దాని గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు.

ఇంతకూ ఆ కిరణం చేసేదేమిటి? 1930 ప్రాంతంలో ఫ్రెడరిక్ గేట్స్ ఒక్కో పొడవు కిరణాన్ని విడివిడిగా బాక్టీరియా మీద వేసి, ఏది ఎంత బలంగా దెబ్బతీస్తుందో కొలిచాడు. 265 నానోమీటర్ల దగ్గర దెబ్బ గట్టిగా తగిలింది. న్యూక్లియిక్ ఆమ్లం కాంతిని ఎక్కువగా పీల్చుకునేదీ సుమారు అక్కడే. అంటే కిరణం సూటిగా జీవి వంశలిపిని తాకుతోంది. డీఎన్ఏ నిచ్చెనలో పక్కపక్కనున్న రెండు థైమీన్ మెట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక ఆ నిచ్చెనను నకలు తీయడం సాధ్యం కాదు. క్రిమి ఉన్నపళాన చావదు. కాసేపు బతికే ఉంటుంది, పిల్లల్ని మాత్రం పెట్టలేదు. మనిషికి రోగం తెప్పించాలంటే అది వేలూ లక్షలూ అవ్వాలి కాబట్టి, ఒంటరిదైపోయిన క్రిమి ఉన్నా లేనట్టే.

కిరణం సూటిగా తగలాలన్న మాటలోనే దాని బలహీనతా ఉంది. ల్యాబ్ బల్ల మీద ఎవరైనా మరిచిపోయిన పెన్ను ఉంటే, పెన్ను పైభాగం శుద్ధవుతుంది, కింద దాని నీడ పడిన సన్నటి చార మాత్రం అలాగే ఉండిపోతుంది. గొట్టం మీద వేలిముద్ర జిడ్డున్నా, దుమ్ము పేరుకున్నా కిరణం అక్కడే ఆగిపోతుంది. మామూలు కిటికీ అద్దం కూడా దాన్ని దాటనివ్వదు. దీపానికి దూరం జరిగినకొద్దీ బలం తగ్గుతుంది, అందుకు తగ్గట్టు సమయం పెంచాలి. సూర్యుడి ఇంట్లో ఛాయ కాపురం పెట్టినట్టు, ఈ దీపం వెలిగే ప్రతి గదిలోనూ ఒక ఛాయ ఉంటుంది. శుద్ధి చేసే మిగతా పద్ధతులతో పోలిస్తే ఇందులో ఒక నిజాయితీ ఉంది. నేను చూసినంత మేరకే నా పూచీ అంటుంది. పుణ్యాహవాచనం నీళ్ళు మామిడాకుతో నాలుగు మూలలా చిలకరిస్తే ఇల్లంతా శుద్ధయినట్టే, మంచం కిందా అటక మీదా కూడా. దీపానికి అలాంటి సదుపాయం లేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. క్రిమి కూడా జీవే కదా.

ఈ ప్రశ్నను జైనులంత పట్టుదలగా అడిగినవాళ్ళు లేరు. తెలుగు నేల మీద కొలనుపాకలో ఈనాటికీ వాళ్ళ క్షేత్రం వెలుగుతోంది. సూక్ష్మదర్శిని పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే నీటిలో, గాలిలో, మట్టిలో కంటికి ఆనని జీవులు లెక్కలేనన్ని ఉంటాయని, నిగోద జీవులని కొన్ని ఒకే దేహంలో కిక్కిరిసి ఉంటాయని వాళ్ళు నమ్మారు. అందుకే నీళ్ళు వడగట్టుకుంటారు, కాచి తాగుతారు, పొద్దు వాలకముందే తినేస్తారు, కొందరు మునులు నోటికి గుడ్డ కట్టుకుంటారు. ఆ గుడ్డ తమను క్రిముల నుంచి కాపాడుకోవడానికి కాదు, క్రిములను తమ ఊపిరి నుంచి కాపాడటానికి. 2020లో ప్రపంచమంతా మాస్కు కట్టుకున్నప్పుడు చాలామందికి తెలియని విషయమిది.

గృహస్థుల కోసం జైనం హింసను నాలుగు రకాలుగా విడదీసింది. కావాలని చేసేది సంకల్పీ హింస. వంట, ఇంటిపనుల్లో తప్పనిది ఆరంభీ. వృత్తిలో జరిగేది ఉద్యోగీ. ఆత్మరక్షణలో జరిగేది విరోధీ. గృహస్థు మొదటిదాన్ని పూర్తిగా మానాలి, మిగిలిన మూడింటినీ వీలైనంత తగ్గించుకోవాలి. మరి యూవీ దీపం ఏ గదిలోకి వస్తుంది? నీళ్ళు కాచేవాడి ధ్యాస దాహం మీద ఉంటుంది, క్రిమి చావడం పక్కన జరిగే సంగతి. దీపం వెలిగించడానికి క్రిముల్ని దెబ్బతీయడం తప్ప వేరే కారణమే లేదు. ఆ లెక్కన సంకల్పీ. కానీ క్షయ రోగుల మధ్య కూర్చున్న నర్సు దృష్టితో చూస్తే విరోధీ. పోనీ చంపడం లేదు, సంతానం మాత్రమే ఆపుతోంది కదా అని సర్దుకుందామా అంటే, జైన తర్కం ముందు ఆ సాకు నిలవదు. ఉద్దేశంతోపాటు అప్రమత్తతనూ లెక్కలోకి తీసుకునే దర్శనం అది. అవసరం లేని చోట, ఖాళీ గదిలో, వేడుక కోసం రాత్రంతా వెలిగే దీపాన్ని అది క్షమించదు. ఈ ఒక్క మాటా పరికరాలు కొనే అధికారులు విన్నా బాగుండేది.

మన పల్లెలకు మరో దారి ఉండేది. ఇంట్లో పిల్లాడికి తట్టు పోస్తే, ఆటలమ్మ పోస్తే, అమ్మవారు వచ్చిందనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టి, చలవ చేసేవి పెట్టి, తిట్టకుండా, కసరకుండా, అమ్మను చల్లబరిచి పంపేవారు. రోగం శత్రువు కాదు, కోపంతో వచ్చిన ఆడపడుచు. అందులో ఓదార్పు ఎంత ఉందో ప్రమాదమూ అంతే ఉంది. చల్లబడని అమ్మవారు ఎన్ని ఇళ్ళు ఖాళీ చేసిందో స్మశానాలకే తెలుసు. క్రిమి'సంహారం' అనే మాటతో రోగం కథ దేవత నుంచి రాక్షసుడికి మారింది.

ప్రకృతి మాత్రం ఈ కథల్లో దేనికీ కట్టుబడలేదు. 1940ల చివర అమెరికాలో, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆల్బర్ట్ కెల్నర్ యూవీతో దెబ్బతీసిన సూక్ష్మజీవులు మళ్ళీ ఎలా కోలుకుంటాయో చూస్తున్నాడు. ఒకే మోతాదు, ఒకే రకం, అయినా ఒకరోజు కొన్నే బతుకుతాయి, ఇంకోరోజు వందల రెట్లు బతుకుతాయి. వేడి వల్లనేమో అనుకున్నాడు. కాదు. చివరికి తేలింది ఏమిటంటే, కొన్ని సీసాలకు కిటికీ వెలుతురు తగిలింది, కొన్నిటికి తగల్లేదు. యూవీ వేసిన గాయాన్ని మామూలు పగటి వెలుతురు మాన్పుతోంది. అతుక్కున్న మెట్లను నీలికాంతి శక్తితో విడదీసే ఎంజైము బాక్టీరియా దగ్గర ఉంది, మొక్కల దగ్గర ఉంది. మన దగ్గర లేదు. మనం వేరే, ఇంకా చుట్టుదారి మరమ్మత్తులతో సరిపెట్టుకుంటాం. ఈ మరమ్మత్తుల రహస్యాలు విప్పినందుకే 2015లో అజీజ్ సంకార్ మరో ఇద్దరితో కలిసి నోబెల్ పంచుకున్నాడు. చంపేదీ వెలుతురే, బతికించేదీ వెలుతురే అన్నది వేదాంతం క్లాసులో చెబితే తలలూపుతాం. ఇక్కడ అది సీసా పక్కన కిటికీ ఉందా లేదా అన్నంత మోటు నిజం.

ఇప్పుడు ఫిలడెల్ఫియా వెళ్ళాలి. ఈ కథంతటికీ గుండె అక్కడే ఉంది.

విలియం వెల్స్ ఒక పారిశుద్ధ్య ఇంజనీరు, ఆయన భార్య మిల్డ్రెడ్ డాక్టరు. దగ్గినప్పుడు పడే తుంపర్లలో సన్నవి నేలకు చేరకముందే ఆరిపోయి, రోగాన్ని మోసుకుంటూ గంటలకొద్దీ గాలిలో తేలుతాయని 1930లలో వెల్స్ వాదించాడు. ఎక్కువమంది ఒప్పుకోలేదు. 1937 నుంచి భార్యాభర్తలిద్దరూ ఫిలడెల్ఫియా శివారు బడుల్లో ప్రయోగం మొదలుపెట్టారు. తరగతి గదిలో పిల్లల తలలకు పైన, గోడకు, యూవీ దీపాలు బిగించారు. వెలుతురు కిందికి పడకుండా, పైకప్పు వైపే పరుచుకునేలా తొట్టెల్లాంటి తొడుగులు పెట్టారు. కింద పిల్లలు మామూలుగా కూర్చుంటారు, అరుస్తారు, తుమ్ముతారు, పక్కవాడి పెన్సిల్ లాక్కుంటారు. ఒళ్ళు వేడికి గాలి పైకి లేస్తుంది, వెలుతురు పొరలో మునిగి, తేటపడి కిందికి దిగుతుంది. 1941లో ఆ ప్రాంతంలో తట్టు విజృంభించింది. అంతకుముందు తట్టు సోకని పిల్లల్లో, దీపాలు లేని తరగతుల్లో నూటికి 53 మందికి పైగా జబ్బు పడ్డారు. దీపాలున్న తరగతుల్లో సుమారు 13 మంది.

ఈ అమరికను కాస్త నిదానంగా చూడాలి. వేల ఏళ్ళుగా మనిషికి తెలిసిన శుద్ధి పద్ధతులన్నీ ఎవరినో ఒకరిని బయట నిలబెడతాయి. పురుటి ఇంట్లోకి పదిరోజులు వెళ్ళకూడదు. మైల వచ్చినవాళ్ళు గుడికి రాకూడదు. మడిలో ఉన్నవాళ్ళను తాకకూడదు. ల్యాబ్ క్యాబినెట్‌లోని దీపం కూడా ఆ వంశానిదే, అది వెలిగినంతసేపు అందరూ అవతల. వెల్స్ దంపతుల దీపం ఆ వంశంలోంచి తప్పుకుంది. అది ఎవరినీ లేవమనలేదు. రోగి ఎవరో, రోగం లేనివారు ఎవరో అడగలేదు. శుద్ధి చేయాల్సింది పిల్లాణ్ణి కాదు, పిల్లలందరూ పంచుకునే గాలిని అంది. నాస్తికుడు గోరా తెలుగునాట సహపంక్తి భోజనాలు పెట్టించినప్పుడు విస్తళ్ళు పక్కపక్కన వేయించాడు. ఈ దీపం బెంచీలను పక్కపక్కనే ఉండనిచ్చింది. అదీ ఇదీ ఒకటే అంటే అతిశయోక్తి అవుతుంది. దారి మాత్రం ఒకవైపే.

అయితే ఆ గెలుపు నిలవలేదు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని పల్లె బడుల్లో, ఇంగ్లండులో అదే చేసి చూస్తే అంత ఫలితం రాలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆ పల్లె పిల్లలు తరగతికి రాకముందే బడి బస్సులో ఇరుక్కుని కూర్చునేవారు. బస్సులో దీపం లేదు. మళ్ళీ ఛాయే. 1960లలో తట్టుకు టీకా వచ్చింది, అంతకుముందే క్షయకు మందులు వచ్చాయి, గోడల మీది దీపాలు మూలపడ్డాయి.

గాలిలోనే క్షయ వ్యాపిస్తుందని తిరుగులేకుండా తేల్చింది బాల్టిమోర్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రి. వెల్స్ శిష్యుడు రిచర్డ్ రైలీ బృందం 1950ల చివర అక్కడ ఆరు పడకల క్షయ వార్డు గాలిని గొట్టాల ద్వారా మేడ మీది గదికి పంపింది. అక్కడ గినీ పందులు. నేలను ఎలుకల్లా అంటిపెట్టుకుని తిరిగే ఆ బొద్దు ప్రాణులు రోగుల్ని ఎప్పుడూ చూడలేదు, తాకలేదు, వాళ్ళ గాలి మాత్రమే పీల్చాయి. వాటికి క్షయ సోకింది. అదే గాలికి దారిలో యూవీ స్నానం చేయించి ఇంకో గదికి పంపితే, ఆ గదిలో ఒక్కదానికీ సోకలేదు.

దాదాపు అర్ధశతాబ్దం తర్వాత పెరూ రాజధాని లీమాలో, హెచ్‌ఐవీతోపాటు క్షయ కూడా ఉన్న రోగుల వార్డు మీద ఇదే అమరిక మళ్ళీ వేశారు. 535 రోజులు. మామూలు గాలి పీల్చిన గినీ పందుల్లో నూటికి 35 వాటికి క్షయ సోకింది. వార్డు పైభాగంలో దీపాలు వెలిగించిన రోజుల గాలి పీల్చినవాటిలో సోకింది నూటికి పదికి లోపే. 2009లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

పెరూ పేరు వినగానే ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేం. ఆండీస్ కొండల నాటువైద్యులు రోగి ఒంటినిండా బతికున్న గినీ పందిని రుద్దుతారు. ఒంట్లోని చెడును అది లాగేసుకుంటుందని నమ్మకం. ఆ తర్వాత దాన్ని కోసి, ఏ అవయవం పాడైందో చూసి, రోగమెక్కడుందో చెబుతారు. మనం గుమ్మడికాయతో, నిమ్మకాయతో, ఎర్రనీళ్ళతో దిష్టి తీసినట్టే. లీమా శాస్త్రవేత్తలు చేసింది చూడండి. రోగుల ఊపిరిలోని చెడును గినీ పందులకు ఎక్కించారు, తర్వాత కోసి చూశారు. రెండిటికీ మధ్య నియంత్రణ గది అనే సముద్రమంత తేడా ఉంది. రెండో గదిలోనూ జంతువులను పెట్టి పోల్చి చూడటమే సైన్సు. అయినా ఆ సముద్రానికి రెండు ఒడ్డులా ఒకే ప్రాణి నిలబడి ఉంది, మన బదులు శ్వాసిస్తూ.

దిష్టి తీసినప్పుడు ఒక ప్రశ్న ఎప్పుడూ మిగిలిపోతుంది. తీసిన దిష్టి ఎటు పోతుంది? నాలుగు రోడ్ల కూడలిలో పారబోస్తారు, తెల్లారి ఎవరు తొక్కితే వాళ్ళది. శుద్ధికి ఉన్న పాత జబ్బే ఇది. ఒక చోటును శుద్ధి చేయడమంటే మలినాన్ని ఇంకొకరి చోటుకు తోయడం. ఆంత్రొపాలజిస్టు మేరీ డగ్లస్ 1966లో రాసిన పుస్తకంలో, మురికి అంటే ఉండకూడని చోట ఉన్న పదార్థమని వివరించింది. మన దేశంలో దీనికి మరో మెట్టు ఉంది. పదార్థం కాదు, మనిషే ఉండకూడని చోట ఉన్నాడంటారు.

1927 మార్చి 20న కొంకణ ప్రాంతంలోని మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు దోసిటపట్టి తాగాడు. ఆ తర్వాత ఊళ్ళోని అగ్రవర్ణాలవారు ఆవుపేడ, పంచితం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు చెరువులో కుమ్మరించి మంత్రాలు చదివి శుద్ధి చేశారు. సూక్ష్మజీవుల సిద్ధాంతం తెలిసినవాడెవడైనా ఆ రోజు ఒక గ్లాసు నీళ్ళు ముందూ ఒక గ్లాసు నీళ్ళు తర్వాతా పట్టి పరీక్షించి ఉంటే, ఏ గ్లాసు ప్రమాదకరమని తేలేదో ఊహించడం కష్టం కాదు. 1978లో కేంద్రమంత్రి జగ్జీవన్ రామ్ వారణాసిలో ఒక విగ్రహాన్ని ఆవిష్కరించి వెళ్ళాక, దాన్ని గంగాజలంతో కడిగారు. అంటరానితనానికి ఆరోగ్య కారణాలుండేవేమో అని నేటికీ గొంతు సవరించుకునేవాళ్ళున్నారు. ఆరోగ్యమే కారణమైతే శుద్ధి చేసిన నీళ్ళు పరీక్షకు నిలవాలి. టీ కొట్టులో రెండో గ్లాసు ఒక కులానికి మాత్రమే కాక జలుబు చేసిన ప్రతివాడికీ ఇవ్వాలి.

కరోనా కాలంలో ఈ పాత పొర మళ్ళీ పైకి తేలింది. 'సామాజిక దూరం' అనే మాటను వార్తల్లో రోజూ విన్నప్పుడు, ఆ మాట ఇదివరకే ఎవరి ఒంటి మీద అమలైందో తెలిసినవాళ్ళు అభ్యంతరం చెప్పారు, భౌతిక దూరం అనండి అన్నారు. 2020 మార్చి చివర్లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో, ఊళ్ళకు తిరిగివచ్చిన వలస కూలీలను రోడ్డు పక్కన గుంపుగా కూర్చోబెట్టి బ్లీచింగ్ కలిపిన నీళ్ళు పైపులతో కొట్టారు. పిల్లలూ ఉన్నారు అందులో. అంతకుముందు విమానాల్లో దిగినవాళ్ళ మీద ఎవరూ పైపు పెట్టలేదు.

మరోపక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చి 28న ఈ వైరస్ గాలి ద్వారా వ్యాపించదని ట్విట్టర్‌లో గట్టిగా చెప్పింది. వెల్స్ మాటను ఒప్పుకోవడానికి మరి కొంత కాలం పట్టింది. ఈలోగా లోకం వస్తువుల మీద పడింది. కూరగాయలు సబ్బునీళ్ళలో ముంచారు, పాల ప్యాకెట్లు కడిగారు, నోట్లు ఇస్త్రీ చేశారు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఫోన్లనూ ల్యాప్‌టాప్‌లనూ శుద్ధి చేసే యూవీ పెట్టెను, నోట్ల కట్టలను లెక్కపెడుతూ శుద్ధి చేసే యంత్రాన్ని తయారుచేసింది. అదే నగరంలో ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఒక స్థానిక పరిశ్రమతో కలిసి ఆసుపత్రి గదుల కోసం చక్రాల యూవీ ట్రాలీ చేశాయి. మెచ్చుకోదగ్గ పనులే. బజారులో మాత్రం టార్చిలైటులాంటి 'యూవీ కర్ర'లు, తాళాలు పెట్టుకునే యూవీ డబ్బాలు వచ్చిపడ్డాయి. వాటిలో చాలావాటి బలమెంతో, ఎన్ని నిమిషాలు పెట్టాలో అట్టపెట్టె మీద ఉండేది కాదు. చేతులు శుద్ధి చేసుకోవడానికి ఈ దీపాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించాల్సి వచ్చింది. కిరణం కళ్ళకు తగిలితే వెల్డింగ్ చేసేవాళ్ళకు తెలిసిన బాధే వస్తుంది. అప్పటికి ఏమీ అనిపించదు, అర్ధరాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టు లేస్తుంది.

ఫోను యూవీ డబ్బాలో పెట్టి, పనిమనిషికి విడిగా గ్లాసు పెట్టిన ఇళ్ళు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు. ఆమెకు ఆ గ్లాసు కొత్తదీ కాదు. దీపం ఎంత కొత్తదైనా, ఇంట్లో మడి ఎక్కడుందో అక్కడికే వెళ్ళి కూర్చుంటుంది.

2021 వర్షాకాల సమావేశాలకు ముందు పార్లమెంటు సెంట్రల్ హాల్‌లోనూ లోక్‌సభలోనూ సీఎస్ఐఆర్ తయారుచేసిన యూవీ-సీ వ్యవస్థను గాలి గొట్టాల్లో అమర్చుతున్నట్టు ప్రకటించారు. ఎంపీలు కలిసి కూర్చోవాలి కాబట్టి గాలిని శుద్ధి చేయాలని అక్కడ వెంటనే అర్థమైంది. తరగతి గదులకు, బస్టాండు హాళ్ళకు, సర్కారు ఆసుపత్రి ఓపీ వరండాలకు ఆ తర్కం అంత వేగంగా నడిచిరాలేదు. అక్కడ ఖర్చు అడ్డం వస్తుంది. నిజమే, ఎత్తైన పైకప్పు కావాలి, దీపం మనిషి తలకు పైన సుమారు ఏడడుగుల ఎత్తులో ఉండాలి, కింద కళ్ళకు ఎంత వెలుతురు పడుతోందో మీటరుతో కొలవాలి, గొట్టాలు తుడుస్తూ ఉండాలి. కానీ మన పాత ప్రభుత్వ భవనాలకు ఎత్తైన పైకప్పులున్నాయి. గాలిని కిందికీ పైకీ కలిపే సీలింగ్ ఫ్యాను ప్రతి గదిలో గిరగిరా తిరుగుతూనే ఉంది. అమెరికా వాళ్ళు తమ పరిశోధనల్లో విడిగా పెట్టుకున్న వస్తువది.

దిష్టి ఎటుపోతుందన్న ప్రశ్నకు ఈ దీపం చాలావరకు మంచి జవాబే చెబుతుంది. గాలిలో అణగారిన క్రిమిని ఎక్కడా పారబోయక్కర్లేదు. పూర్తిగా కాదు. గొట్టంలో పాదరసం ఉంది. పగిలినా, కాలం తీరినా అది చెత్తకుప్పకు చేరుతుంది, అక్కడ చేతి తొడుగుల్లేని చేయి ఒకటి దాన్ని ఏరుతుంది. పాదరసం వాడకాన్ని తగ్గించుకోవాలని చాలా దేశాలు కలిసి 2013లో మినమాత ఒప్పందం రాసుకున్నాయి. కొత్తగా వస్తున్న 222 నానోమీటర్ల దీపాల్లో పాదరసం లేదు. వాటి కిరణం చర్మం పైపొరలోనే ఆగిపోతుంది కాబట్టి మనుషులుండగానే గదంతా వెలిగించవచ్చని ఆశ. వాటి నుంచి పుట్టే ఓజోను సంగతి ఇంకా తేల్చుకుంటున్నారు.

ఆసుపత్రి గదిని ట్రాలీతో శుద్ధి చేసే పద్ధతిలో మొదటి మెట్టు ఫోటోల్లో కనబడదు. ఎండిన రక్తపు చుక్క మీదా, దుమ్ము పొర మీదా కిరణం పనిచేయదు. అందుకే నియమం ప్రకారం ముందు గదిని చేత్తో తుడవాలి. రోగి డిశ్చార్జి అయ్యాక పారిశుద్ధ్య కార్మికురాలు బకెట్టుతో లోపలికి వెళుతుంది. మంచం కమ్ములు, సెలైన్ స్టాండు, స్విచ్ బోర్డు, తలుపు గడియ తుడుస్తుంది. మంచాన్ని గోడ నుంచి ఇవతలికి జరుపుతుంది, లేకపోతే దాని వెనక నీడ పడుతుంది. సొరుగు తెరిచి ఉంచుతుంది. పరుపు ఎత్తి నిలబెడుతుంది. గుడ్డ పిండి, బకెట్టు ఎత్తుకుని బయటికి వస్తుంది. అప్పుడు టెక్నీషియన్ ట్రాలీని గది మధ్యకు తోసి, బయటికి వచ్చి, తలుపు మూసి, లోపలికి రావద్దన్న బోర్డు తగిలిస్తాడు. తలుపు కింది సందులోంచి నీలిరంగు వరండాలోకి సన్నగా పాకుతుంది. ఆమె అప్పటికే పక్క గదిలో ఉంటుంది.